మూడో తూము: అందరం కలిసి రాసిన ఒక పేజీ గురించి

(చుట్టుపక్కల బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక సాంఘికశాస్త్రం టీచర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. కాంప్లెక్స్ హెడ్మాస్టర్ గారికి, అన్ని బడుల నుంచి వచ్చిన సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నాకిచ్చిన టాపిక్ "డిజిటల్ టూల్స్‌తో బృంద కృత్యాలు". టూల్స్ చాలా ఉన్నాయి. వాటి పేర్లన్నీ బోర్డు మీద రాసి, ఒక్కోదాని గురించి రెండేసి నిమిషాలు చెప్పొచ్చు. మీరు రాసుకుంటారు, ఇంటికెళ్లాక ఆ డైరీ మళ్లీ తెరవరు. నేను కూడా ఎన్నో ట్రైనింగుల నుంచి అలా తెచ్చుకున్న డైరీలు బీరువాలో ఉన్నాయి. అందుకని ఇవాళ ఒక్కదాని గురించే చెప్తాను. మూడేళ్లుగా తొమ్మిదో తరగతితో వాడుతున్నది గూగుల్ డాక్స్. ఒక పేజీ. దాన్ని అందరూ తెరుస్తారు, అందరూ రాస్తారు. అంతే.

ముందు మీకొక ప్రశ్న. ఎఫ్‌ఏలో, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, ప్రాజెక్టు పనికి మార్కులు వేసేటప్పుడు మన చేతికి ఏమొస్తుంది? చార్టు వస్తుంది. చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు. నెట్ సెంటర్లో తీయించిన రంగు ప్రింటు ఒకటి అతికించి ఉంటుంది. కింద ఐదుగురి పేర్లు. చేతిరాత మాత్రం ఒక్కరిదే. అవునా, కాదా? ఆ ఒక్కరు ఎవరో మనకు తెలుసు. మిగతా నలుగురు ఏం చేశారో కూడా తెలుసు. అయినా ఐదుగురికీ అవే మార్కులు వేస్తాం. ఎందుకు వేస్తాం? ఎవరు ఎంత చేశారో చూపించే ఆధారం మన దగ్గర లేదు కాబట్టి.

మీ అందరికీ తెలిసిన కథే ఒకటుంది. రాజుగారు గుడి ముందు పెద్ద గంగాళం పెట్టించి, రాత్రికి ఊళ్లో ఇంటికో చెంబెడు పాలు పోయాలని చాటింపు వేయిస్తాడు. ఇంతమంది పాలు పోస్తుంటే నేనొక్కణ్ని నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందిలే అని ఒకడు అనుకుంటాడు. అందరూ అదే అనుకుంటారు. తెల్లారి మూత తీస్తే గంగాళం నిండా నీళ్లే. ఇది మన ముసలమ్మలు చెప్పే కథ. దీన్నే ఫ్రాన్సులో రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు తాడు పెట్టి కొలిచాడు. 1913లో ప్రచురించాడు. తాడు ఒక్కడే లాగితే ఎంత బలం పెడతాడు, ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కడు ఎంత పెడతాడు అని చూశాడు. ఎనిమిది మంది ఉన్నప్పుడు ఒక్కొక్కడి లాగుడు దాదాపు సగానికి పడిపోయింది. ఎనిమిది మంది ఒక్కసారిగా లాగడం కుదరకపోవడం కూడా అందులో ఉంది. కానీ "నేను లాగకపోయినా నడుస్తుంది" అన్నది కూడా ఉంది. మన గ్రూపు వర్కులో జరిగేది అదే. పిల్లలు చెడ్డవాళ్లు కాదండీ. చీకట్లో చెంబు పట్టుకుని నిలబెట్టింది మనమే.

నాకు ఈ ఆలోచన కరోనా టైములో మొదలైంది. 2020 సెప్టెంబరు 1 నుంచి మన తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్‌లో పాఠాలు వచ్చాయి, గుర్తుంది కదా? టీవీ మాట్లాడింది, పిల్లలు విన్నారు. వాళ్లు తిరిగి మాట్లాడాలంటే నోట్‌బుక్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి. అడ్డంగా ఉన్న ఫొటోలు, సగం కట్ అయిన ఫొటోలు, దీపం వెలుగులో తీసినవి. రాత్రి పది దాకా కూర్చుని చూసేదాన్ని. ఒకసారి ఒకే అక్షరదోషం తొమ్మిది నోట్‌బుక్కుల్లో కనిపించింది. ఒకరు రాశారు, ఎనిమిది మంది ఫోన్లో చూసి దింపుకున్నారు. అప్పుడు నాకు కోపం రాలేదు, బాధేసింది. ఈ తొమ్మిది మంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, ఒకరిదొకరు చదువుతున్నారు. అంటే కలిసి పనిచేసే అలవాటు ఉంది. దాన్ని కాపీ అని పేరు పెట్టి కొట్టేయడం తప్ప నేను ఇంకేం చేస్తున్నాను? ఇదే ఓపెన్‌గా, నా కళ్ల ముందు, కలిసి రాయమని చెప్తే ఏమవుతుంది?

బళ్లు తెరిచాక మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఏం జరిగిందో చెప్తాను, ఎందుకంటే మీరు మొదలుపెడితే మీకూ అదే జరుగుతుంది.

మా ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు ఆరు. తొమ్మిదో తరగతిలో 24 మంది. ఒక డాక్యుమెంట్ తెరిచి, లింకు ఉన్న ఎవరైనా రాయొచ్చు అని సెట్టింగు పెట్టి, అన్నిట్లో ఓపెన్ చేశాను. లాగిన్ లేకుండా తెరిస్తే గూగుల్ ఏం చేస్తుందంటే, ఒక్కొక్కరికి ఒక జంతువు పేరు పెడుతుంది. పేజీ పైన రంగురంగుల గుండ్రాల్లో అనానిమస్ కాపీబారా, అనానిమస్ ఆక్సలాటల్ అని వస్తాయి. ఇక చూడండి, పిల్లలకు పాఠం ఎక్కడ గుర్తుంటుంది? "నేను ఏ జంతువును మేడమ్?" అదొక్కటే గోల. ఒకరు రాసిన లైను మధ్యలోకి ఇంకొకరు వచ్చి దూరారు. తర్వాత ఏ వైపు నుంచో కంట్రోల్ ఏ, డిలీట్. పేజీ మొత్తం తెల్లగా అయిపోయింది. ఆరు కంప్యూటర్లలో ఒకేసారి తెల్లగా అయింది. 24 మంది ఒక్కసారి నిశ్శబ్దం. ఒక పిల్లవాడి మొహం చూశాను, ఏడుపు ఒక్కటే తక్కువ. ఎవరు చేశారో నేను అడగక్కర్లేకపోయింది.

నేను ఫైల్ మెనూలోకి వెళ్లి వెర్షన్ హిస్టరీ నొక్కాను. కుడివైపు వరసగా టైములు వచ్చాయి. ఐదు నిమిషాల ముందుది నొక్కితే రాసిందంతా అక్కడే ఉంది. రిస్టోర్ అనగానే పేజీ తిరిగి వచ్చింది. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. ఆ పిల్లవాడిని పిలిచి, నువ్వే ఇంకోసారి డిలీట్ చేసి, నువ్వే తిరిగి తెప్పించు అన్నాను. రెండుసార్లు చేశాడు. ఆ తర్వాత ఏడాదంతా ఎవరి పేరా పోయినా వాణ్నే పిలిచేవాళ్లు.

కానీ ఆ రోజు ఇంటికెళ్లి ఆ హిస్టరీని మొదటి నుంచి ఒక్కొక్కటీ తెరిచి చూశాను. అక్కడే నాకు అసలు విషయం దొరికింది. సార్లూ, మేడమ్‌లూ, ఇది ఒక్క నిమిషం వినండి. మనం ఇన్నేళ్లుగా పిల్లలు రాసిన జవాబును చూస్తున్నాం. రాస్తుండగా ఎప్పుడైనా చూశామా? నోట్‌బుక్ మన బల్ల మీదికి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఎక్కడ ఆగాడు, ఏం రాసి కొట్టేశాడు, పక్కవాడు చెప్తే ఏం మార్చాడు, అవేవీ మన దాకా రావు. పూర్తయిన ముగ్గు చూసి మార్కులేస్తాం, చుక్కలు ఎలా పెట్టిందో తెలియదు. ఈ హిస్టరీలో చుక్కలు కనిపిస్తాయి. ఒక లైను ఉదయం ఒకలా ఉంది, రెండో పీరియడ్‌కి ఇంకోలా మారింది, మర్నాడు పూర్తిగా పోయింది. ఎందుకు పోయింది అని అడిగితే పిల్లవాడు చెప్పేదే అసలు జవాబు.

అందుకే గట్టిగా చెప్తున్నాను. ఈ టూల్ వాడి చివరికి వచ్చే పేజీ అందంగా ఉందా లేదా అన్నది చూడకండి. చార్టు అంతకన్నా అందంగా ఉంటుంది. పేజీ ఎలా మారుతూ వచ్చిందో చూడండి.

మా చెరువు

రెండో ఏడాది పద్ధతి మార్చాను. జంతువులు వద్దనుకున్నాను. 24 మందిని ఐదు జట్లు చేశాను. జట్టుకొక లాగిన్, జట్టుకొక కంప్యూటర్. ఆరోది నాకు. పదేసి నిమిషాలకు కీబోర్డు చేతులు మారాలి. ఒకరు టైపు చేస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు నోట్‌బుక్ చూసి సరిచూస్తారు. ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రాసే వంతుల పుస్తకం కంప్యూటర్ పక్కనే దారంతో కట్టి ఉంటుంది. హిస్టరీలో టైము ఉంటుంది, వంతుల పుస్తకంలో పేరు ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు పాలు పోశారో తెలిసిపోతుంది.

మీలో కొందరు అనొచ్చు, ఐదుగురికి ఒక కంప్యూటరేనా, పిల్లవాడికొకటి ఉండాలి కదా అని. ఉంటే వద్దనను. కానీ ఒకటి చూశాను. ఒక్కొక్కరికి ఒకటి ఉంటే గది నిశ్శబ్దంగా ఉంటుంది. ఐదుగురికి ఒకటి ఉంటే గొడవ పడతారు, "అట్ల కాదురా, ఇట్ల రాయి" అంటారు. నాకు కావాల్సింది ఆ మాటలే. సుగతా మిత్రా గారు 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చితే, బస్తీ పిల్లలు గుంపుగా చేరి ఒకరికొకరు చెప్పుకుంటూ వాడటం నేర్చుకున్నారు. టీచర్ లేకుండానే అన్నీ వచ్చేస్తాయన్నట్టుగా ఆ ప్రయోగాన్ని చెప్పుకుంటారు, దాన్ని నేను ఒప్పుకోను. గుంపుగా చేరితే నోళ్లు కదులుతాయి అన్నది మాత్రం నా ల్యాబులో రోజూ చూస్తున్నాను.

పని ఏమిచ్చాను? మా ఊరి చెరువు. 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు లెక్క తేల్చారు. అందులో మాదీ ఒకటి. పాఠ్యపుస్తకంలో కాకతీయుల చెరువుల గురించి చదువుతాం, పరీక్షలో రామప్ప, పాకాల, లక్నవరం అని రాస్తాం. బడి వెనక కట్ట ఎక్కితే కనిపించే చెరువు గురించి ఎవరమూ ఒక్క లైను రాయం. కాబట్టి ఒక జట్టుకు కట్ట. ఒక జట్టుకు పొలాలకు నీళ్లు వదిలే తూములు, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి. ఒక జట్టుకు ఆయకట్టు, ఏ పొలాలకు నీళ్లు పారతాయి, ఏం పండుతుంది. ఒక జట్టుకు చేపలు, మత్స్య సహకార సంఘం. ఒక జట్టుకు కట్ట మీది దేవత కట్టమైసమ్మ, బతుకమ్మ. ఐదు ముక్కలు. ఏ ఒక్క ముక్క లేకపోయినా చెరువు పూర్తి కాదు.

ఇలా ముక్కలు పంచడం నా తెలివి కాదు. 1971లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఇలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి. అప్పుడే అక్కడ తెల్లవాళ్ల పిల్లల్ని, నల్లవాళ్ల పిల్లల్ని, మెక్సికన్ పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. కూర్చున్నారు కానీ కలవలేదు. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తే, పక్కవాడు చెప్పేది వినకపోతే తన పాఠమే పూర్తికాదు. అప్పుడు వినడం మొదలైంది. మన తరగతుల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో, ఎవరి మాట ఎవరు వింటారో, మనకు తెలియనిది కాదు. పైకి మాట్లాడం. అటెండెన్స్ రిజిస్టరు చూస్తే చాలు, తెలిసిపోతుంది.

ఇక రంగుల సంగతి. ఇది వికీసోర్స్ నుంచి తీసుకున్నాను. తెలుగు వికీసోర్స్ తెలుసా మీకు? పాత పుస్తకాలను స్కాన్ చేసి, జనం కూర్చుని యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో, టైపు చేసి పెడతారు. అక్కడ ప్రతి పేజీకి ఒక రంగు ఉంటుంది. ఇంకా సరిచూడనిదైతే ఎరుపు, ఒకరు అచ్చుదిద్దితే పసుపు, ఆ తర్వాత ఇంకొకరు చూస్తేనే ఆకుపచ్చ. పసుపు చేసిన మనిషే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. ఎంత మంచి నియమం చూడండి! మా పేజీలో కూడా అదే పెట్టాను. రాసిన పేరాకు ఎరుపు. జట్టు మళ్లీ చదివి దిద్దుకుంటే పసుపు. ఇంకో జట్టు చదివి ఒప్పుకుంటేనే ఆకుపచ్చ. తమది తాము ఆకుపచ్చ చేసుకోకూడదు. ఇంకో నియమం, ఇతరుల పేరాలో చెయ్యి పెట్టకూడదు. కామెంట్ రాయాలి, లేదా సజెస్టింగ్ మోడ్‌లో మార్పు సూచించాలి. ఒప్పుకోవాలో వద్దో రాసినవాళ్లు చూసుకుంటారు.

మొదట్లో కామెంట్లు ఎలా వచ్చాయనుకున్నారు? "సూపర్". "బాగుంది". "నైస్". వేళ్లతో లెక్కపెడితే పదిహేను "సూపర్"లు. అప్పుడు ఒక మాట పెట్టాను. కామెంట్ అంటే ప్రశ్న. ప్రశ్న లేకపోతే కామెంట్ లేదు. నేనే మొదలుపెట్టాను. నా కామెంట్లన్నీ దాదాపు ఒకటే, "ఎవరు చెప్పారు?" కట్ట పొడవు ఇంత అని రాశారు. ఎవరు చెప్పారు? ఇన్ని ఎకరాలు పారుతుంది. ఎవరు చెప్పారు? రెండు వారాలకు వాళ్లే ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఎర్ర సిరాతో నేను పదేళ్లు చేయలేని పని అది.

ఇప్పుడు మూడో తూము.

తూముల జట్టు రాసింది: "మా చెరువుకు రెండు తూములు ఉన్నాయి. ఒకటి పెద్ద తూము, రెండోది చిన్న తూము." పంచాయతీ ఆఫీసుకు వెళ్లి కాగితం చూసి రాశారు. అడిగితే కాగితం ఫొటో కూడా చూపించారు. మంచి పని చేశారు. చేపల జట్టు చదివి, సరే అని ఆకుపచ్చ చేసింది. నేను కూడా చదివాను. ఆకుపచ్చే కదా అని ముందుకెళ్లాను.

మైసమ్మ జట్టులో ఒక అమ్మాయి ఉంది. తరగతిలో నోరు విప్పదు. లేపి అడిగితే తల దించుకుంటుంది. ఆరో తరగతి నుంచి చూస్తున్నాను, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. ఒక గురువారం నాలుగో పీరియడ్, ఆమె కీబోర్డు వంతు. ఆ ఆకుపచ్చ పేరా పక్కన ఒక కామెంట్ వచ్చింది. ఒక్క మాట. "మూడు."

తూముల జట్టు వెంటనే జవాబు రాసింది, "పంచాయతీ కాగితంలో రెండే ఉన్నాయి". ఆమె రాసింది, "ఒకటి పూడింది". వాళ్లు రాశారు, "ఎవరు చెప్పారు?" చూశారా, నా ప్రశ్నే! నాకు గుండె కొంచెం దడదడలాడింది. ఇప్పుడు ఈ పిల్ల వెనక్కి తగ్గుతుందేమో అనుకున్నాను. ఒక నిమిషం ఏమీ రాలేదు. తెర మీద కర్సర్ కొట్టుకుంటూ ఉంది. తర్వాత ఒక్కసారిగా జవాబు పడింది. "మా తాత నీరటి. చూపిస్తడు."

నీరటి అంటే మీ అందరికీ తెలుసు. తూము తెరిచి, మూసి, ఏ మడికి ఎన్ని నీళ్లో చూసే మనిషి. ఆ ఇంటి పిల్ల మా తరగతిలో నాలుగేళ్లుగా ఉంది. చెరువు పాఠం ప్రతి ఏడూ చెప్తున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు, మీలో నీరటోళ్ల పిల్లలు ఎవరైనా ఉన్నారా అని.

శనివారం మధ్యాహ్నం కట్ట మీదికి వెళ్లాం. ఆ తాత ముందు నడిచాడు, చేతిలో కర్ర. కట్ట దిగి, సర్కారు తుమ్మ పొదల్లోకి వెళ్లి, కర్రతో కొమ్మలు పక్కకు నెట్టి, "ఇగో" అన్నాడు. మట్టిలోంచి రెండు రాతి స్తంభాలు మోకాలెత్తు కనిపిస్తున్నాయి. వాటి మీద అడ్డంగా ఒక రాయి, రాతిలో గుండ్రటి రంధ్రం. కర్ర బిరడా దిగే రంధ్రం అది. రాయి అంచు నున్నగా అరిగిపోయి ఉంది. తూముల జట్టు కుర్రాడొకడు ఆ రంధ్రంలో చెయ్యి పెట్టి చూశాడు. ఆ అమ్మాయి వాళ్ల తాత పక్కన నిలబడి, పిల్లలకు చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లు ఎటు పారేవి, ఎవరి పొలం దాకా పోయేవి. గొంతు బాగానే ఉంటుందండీ ఆ పిల్లది. కొంచెం బొంగురుగా ఉంటుంది.

సోమవారం ఆ పేరా ఆకుపచ్చ నుంచి మళ్లీ ఎరుపైంది. "రెండు" పోయి "మూడు" వచ్చింది. కింద తూముల జట్టు ఒక లైను చేర్చింది, "పంచాయతీ కాగితంలో రెండే ఉన్నాయి, మూడోది మేము చూశాము." రెండు ఆధారాలు విభేదిస్తే రెండూ రాయాలి అని నేను చెప్పలేదు. చరిత్రలో లిఖిత ఆధారాలు, మౌఖిక ఆధారాలు అని రెండు మార్కుల ప్రశ్న ఉంటుంది కదా? ఆ ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు నాకింతవరకు దొరకలేదు.

ఇదే పని చార్టు మీద జరిగేదా? చార్టు ఒకసారి అతికిస్తే అయిపోయింది. "రెండు" అని స్కెచ్ పెన్నుతో రాస్తే రెండే. పైగా ఆ పిల్ల లేచి నిలబడి, అందరి ముందు, మీరు రాసింది తప్పు అని చెప్పాలి. చెప్పేది కాదు. ఇక్కడ ఒక్క మాట టైపు చేస్తే సరిపోయింది.

మీరు అడగబోయే ప్రశ్నలు

తెలుగు టైపింగ్ ఎలా అని అడుగుతారు. ముందుగా ఒక విన్నపం, అను ఫాంట్లలో టైపు చేసినవి తెచ్చి ఇందులో పేస్టు చేయకండి. అవి యూనికోడ్ కాదు, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తాయి. పిల్లలు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి మూడు వారాల్లో నేర్చుకున్నారు, మనకన్నా త్వరగా. పెద్దవాళ్లు చెప్పింది ఎక్కించడానికి వాయిస్ టైపింగ్ వాడాం, 2017 నుంచి తెలుగులో ఉంది. మా ఊళ్లో ఒకాయన "ఆ ఏడు మత్తడి దుంకింది" అంటే అది "మొత్తం అది దూకింది" అని రాసింది. పిల్లలు పగలబడి నవ్వారు, తర్వాత కూర్చుని దిద్దారు. మన మాట ఆ యంత్రానికి ఇంకా రాలేదు, దిద్దే పని మనదే అని వాళ్లకు అర్థమైంది. ఆ దిద్దడం కూడా పాఠమే.

చాట్‌జీపీటీ లాంటివాటి నుంచి తెచ్చి పెడితే? పెడతారు. మా ఆయకట్టు జట్టులో ఒక పిల్లవాడు పెట్టాడు. హిస్టరీలో చూస్తే పేరా మొత్తం ఒక్కసారిగా ఊడిపడింది, ఒక్క అక్షరం కొట్టివేత లేదు. పిల్లలు అలా రాయరు, మనమూ అలా రాయం. వాణ్ని తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "'సుస్థిర జలవనరుల నిర్వహణ' అంటే మన చెరువులో ఏది?" అని అడిగాను. కాసేపు చూశాడు. "తెల్వదు మేడమ్" అన్నాడు. పేరా వాడే తీసేశాడు, వాళ్ల నాన్న పొలానికి నీళ్లు ఏ నెలలో ఆగిపోతాయో రాశాడు. నాలుగు లైన్లే. నాకు ఆ నాలుగు లైన్లే కావాలి.

కరెంటు పోతే, నెట్ పోతే? పోతుంది. ఆ పీరియడ్ కాగితం మీద రాస్తాం, మర్నాడు ఎక్కిస్తాం. దానికి టెన్షన్ పడక్కర్లేదు. నేను టెన్షన్ పడేది వేరే విషయానికి. ఈ టూల్స్ మనవి కావు. గూగుల్ వాళ్లదే జామ్‌బోర్డ్ అని ఒకటుండేది, పిల్లలతో బొమ్మలు గీయించడానికి చాలామంది టీచర్లు వాడారు. 2024 చివరికి మూసేశారు. అందుకని మా పేజీని నెలకోసారి డౌన్‌లోడ్ చేసి, ఏడాది చివర ప్రింటు తీసి లైబ్రరీలో పెడుతున్నాం.

ఇంకొకటి, ఇది తేలిగ్గా తీసుకోకండి. పిల్లల పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఆ పేజీలో వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. అందుకే మా లాగిన్లు జట్టు పేర్ల మీద ఉన్నాయి. తల్లిదండ్రుల మీటింగులో ప్రొజెక్టర్ మీద చూపించి, సంతకాలు తీసుకున్నాం. లింకు బడి బయటికి పోదు. బడులకు ఉచితంగా ఇచ్చే గూగుల్ ఎడ్యుకేషన్ ఎడిషన్ ఉంది, అది ఇంకా మేలు. దానికి బడి పేరు మీద ఒక డొమైన్, అంటే సొంత వెబ్ చిరునామా, కావాలి. కాంప్లెక్స్ మొత్తానికి కలిపి ఒకటి తీసుకుంటే ఎలా ఉంటుందో హెడ్మాస్టర్ గారు ఆలోచించాలని అందరి ముందూ అడుగుతున్నాను.

పెద్ద ఎత్తున చేసినవాళ్లు లేరా అంటే, కేరళలో ఉన్నారు. అక్కడి విద్యాశాఖ సంస్థ కైట్ నడిపే స్కూల్‌వికీలో వేల బడులకు పేజీలున్నాయి, మలయాళంలో, ఆ బడి టీచర్లు, పిల్లలు రాసినవి. 2020 లాక్‌డౌన్‌లో అక్షరవృక్షం అని పేరు పెట్టి పిల్లల కథలు, కవితలు, వ్యాసాలు అందులో పెట్టించారు. మన పిల్లలు వాట్సాప్‌లో నోట్‌బుక్ ఫొటోలు పెడుతున్న రోజులవి. మన ఊళ్ల చెరువులు, మన గుట్టలు, మన గడీలు మన పిల్లల తెలుగులో అలా ఒకచోట ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి. నాకు ఆశగా ఉంది. మన కాంప్లెక్స్‌లో బడికో చెరువు ఉంది. లేని బడికి కుంట ఉంది.

మొదలుపెట్టేవాళ్లకు ఒక్కటే చెప్తాను. మొదటి నెల ఒక్క పేజీ, ఒక్క తరగతి. ఎక్కువ వద్దు. పిల్లలకు నిజంగా తెలిసినదాని మీద పెట్టండి, మీకు తెలియనిదైతే ఇంకా మంచిది. నాకు మూడో తూము తెలియదు కాబట్టే ఆ రోజు ఆ పిల్ల మాటకు విలువ వచ్చింది.

నాకిచ్చిన టైము అయిపోతోంది, ఒక్కటి చూపించి కూర్చుంటాను. ఆ పేజీలో కామెంట్లు తేలిపోతే రిజాల్వ్ నొక్కి మూసేస్తారు. దాదాపు అన్నీ మూసేశారు. ఒక్కటి మూయలేదు, మూయొద్దని కూడా కింద రాసుంది. ఆ అమ్మాయి రాసిందే. ఇప్పుడు ఆమె పదో తరగతి. "మూడో దాన్ని బూరుగు తూము అంటరు. అక్కడ బూరుగు చెట్టు లేదు. తాతకు కూడా తెల్వదు. ఎవరికైనా తెలిస్తే రాయండి." దానికింద ఈ ఏడాది తొమ్మిదో తరగతివాళ్లు రాసిన జవాబులు తొమ్మిది ఉన్నాయి. ఒకడు అవతలి ఊరి ముసలామెను అడిగి వచ్చి రాశాడు. ఇంకా తేలలేదు. పేజీ ఈ ల్యాప్‌టాప్‌లో తెరిచి పెట్టాను. టీ తాగాక వచ్చి చదవండి. మీ ఊళ్లో బూరుగు తూము గురించి విన్నవాళ్లుంటే, కూర్చుని ఒక లైను రాసి వెళ్లండి.